తన శోకం తాను విన్న అప్పలసామి తాత

ఈ కింద రాయబోయేదంతా అక్షరం పొల్లుపోకుండా నిజమని సింహాచలం అప్పన్న మీద, కాళీఘాట్ అమ్మవారి మీద, ఇద్దరూ చాలకపోతే నా నెత్తిన మిగిలిన జుట్టు మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. నా భార్య భుజం మీంచి ఈ మొదటి వాక్యం చదివి, "నా మీద మాత్రం ఒట్టు పెట్టకండి, నాకింకా చాలా పనులున్నాయి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళు నాతో కాపురం చేసిన మనిషి జాగ్రత్త అది. మీకు ఆ భయం అక్కర్లేదు. నేను కోతలు కోస్తానని కలకత్తా వాట్‌గంజ్‌లో పాతవాళ్ళు ఇప్పటికీ అంటారు గానీ, మా గౌరమ్మత్త విషయంలో కోయాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. ఆవిడ సంగతి ఉన్నదున్నట్టు చెబితేనే ఎవరూ నమ్మరు. కాస్త తగ్గించి చెబితే కొందరు నమ్ముతారు.

ఇదంతా ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న మా అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు పెద్దాయన పోయారు. కబురు ఫోన్లో వచ్చింది. అందరూ ఫోన్లోనే రెండు చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒకాయన తొందరలో బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, అది తుడిచి, మళ్ళీ చేతులు జోడించాడు. సాయంత్రం కింద హాల్లో కుర్చీలు వేసి సంతాప సభ అన్నారు. తెలుగువాడివి, రచయితవి, రెండు మాటలు చెప్పమని నన్ను లేపారు. నేను లేచి, ఆయన మంచి మనిషి, నెమ్మదస్తుడు, ఎవరి జోలికీ పోయేవారు కాదు అన్నాను. అదే మాట మా లిఫ్టు గురించి కూడా చెప్పవచ్చు. ఆయన భార్య నా వంక ఎంతో మర్యాదగా చూసింది, నేనెవరో పక్క బ్లాకు మనిషి గురించి మాట్లాడుతున్నట్టు. ఇంటికొచ్చి బాల్కనీలో కూర్చుని, గౌరమ్మత్త ఉంటేనా అనుకున్నాను. ఉంటే ఆ హాల్లో ఒక్క కన్ను పొడిగా ఉండేది కాదు. ఒక్క రహస్యం దాగేదీ కాదు.

మా ఇల్లు అప్పుడు వాట్‌గంజ్‌లో ఉండేది. ఓడరేవులో, అంటే డాక్‌లో, పని చేసే తెలుగు కుటుంబాలన్నీ వరసగా ఉన్న పొడుగాటి లైను అది. శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం వైపు నుంచి వచ్చినవాళ్ళే అందరూ. తెల్లవారితే గుమ్మాల ముందు బొగ్గుల పొయ్యిలు అంటించేవాళ్ళు. ఆ పొగ, గంగ ఒండ్రు వాసన, గోదాముల్లోంచి వచ్చే జనపనార వాసన, వీటన్నిటి మీద మా అమ్మ ఇంగువ పోపు వాసన కలిసి ముక్కులోకి వచ్చేవి. ఇప్పటికీ ఎక్కడైనా తడి గోనెసంచి కనబడితే నాకు ఆకలేస్తుంది. మా ఇంట్లో గడియారం ఉండేది గానీ దాన్ని ఎవరూ లెక్కచేసేవారు కాదు. ఓడ కూత విని అమ్మ ఎసట్లో బియ్యం పోసేది. పొగమంచు పట్టి ఓడలు ఆలస్యమైన రోజున మాకు అన్నం కూడా ఆలస్యమయ్యేది. నాన్న డాక్‌లో టాలీ క్లర్కు. ఓడలోంచి దిగే బస్తాలు లెక్కపెట్టడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. మేం తినే చపాతీలు లెక్కపెట్టేవారు, పక్కింటాయన తుమ్ములు లెక్కపెట్టేవారు. ఇత్తడి చెంబులో నిప్పులు పోసి తన చొక్కా తానే ఇస్త్రీ చేసుకునేవారు. ఆ చొక్కా మీద ముడత, లెక్కలో తప్పు, ఈ రెండింటినీ ఆయన సహించేవారు కాదు.

గౌరమ్మత్త ఆయన చెల్లెలు. పిల్లాపాపలు కలగకముందే మొగుడు పోతే, నేను పుట్టకముందే మా ఇంటికి వచ్చేసింది. సన్నగా, పొట్టిగా, నోట్లో ఎప్పుడూ లవంగం పెట్టుకుని ఉండేది. ఆవిడకు చదువు లేదు, కుట్టుపని రాదు, వంట చేస్తే ఉప్పు మరిచిపోయేది. వచ్చిందల్లా ఒక్కటే, శోకాలు పెట్టడం. మా వైపు ఎవరైనా పోతే ఆడవాళ్ళు శవం పక్కన కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. అందరూ ఏడ్చేదే, అయ్యో నాయనా, నన్నొదిలి పోయావా, ఇక నాకు దిక్కెవరు, ఇలాంటివే. గౌరమ్మత్త అలా ఏడ్చేది కాదు. చనిపోయినవాళ్ళు ఏ చేత్తో గోక్కునేవారు, ఏ కూర చూస్తే మొహం చిట్లించేవారు, ఎవరితో తగాదా పెట్టుకుని ఎవరి చేత సర్దుబాటు చేయించుకునేవారు, అన్నీ అక్కడికక్కడ కట్టి, పాదం వెంట పాదం పాడేది. ఆ మనిషి లేచి కూర్చున్నట్టుండేది. ఒకసారి నిజంగానే లేచి కూర్చున్నాడు. అది వేరే కథ. డాక్టరు ముందు సరిగ్గా చూడలేదు, అంతే.

ఎవరూ చావని రోజుల్లో ఆ విద్య ఊరికే ఉండేది కాదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతూ ఇంట్లో పోయిన వస్తువులన్నిటికీ శోకాలు పెట్టేది. ఊరినుంచి వచ్చిన ఆవకాయ జాడీ పగిలిననాడు ఆవిడ పెట్టిన శోకం విని అమ్మ, పగలగొట్టిన నన్ను కొట్టాల్సింది పోయి, నన్ను కావిలించుకుని ఏడ్చింది. మా రేడియో మూగబోయినప్పుడు, అది వర్షం పడదన్న రోజునే గొడుగు లేకుండా వెళ్ళి తడిసిన నాన్న గురించి కూడా అందులో రెండు పాదాలు కలిపింది. నాన్న వార్తాపత్రిక అడ్డం పెట్టుకుని నవ్వారు. పత్రిక ఊగడం నేను చూశాను.

ఆ విద్యే కొంప ముంచింది. మా తెలుగు సంఘం ప్రెసిడెంటు గారు పోయారు. పెద్ద ఆఫీసరు. ఆయన ఇంటికి మా లైనువాళ్ళు మామూలుగా వెళ్ళేది గుమ్మం దాకానే. నాన్నకు మాత్రం ఆ ఇంట్లో కుర్చీ వేసేవారు. ఆ కుర్చీ సంపాదించడానికి నాన్న ఎన్నో ఏళ్ళు సంఘం పండగలకు బూందీ లడ్డూలు లెక్కపెట్టారు. అలాంటి ఇంట్లో ఆ రోజు గౌరమ్మత్తను శవం పక్కన కూర్చోబెట్టారు. మొదట అంతా బాగానే ఉంది. ఆయనకు చక్కెర జబ్బు, పథ్యం పెట్టి పెట్టి భార్య అలిసిపోయింది. అత్త కళ్ళు మూసుకుని అందుకుంది.

"కాకరకాయ ఉడికించి కంచంలో ఎట్టితే
కిక్కురుమనకుండా తినీసీవోడివి తండ్రీ
ఖిదిర్‌పూర్ మిఠాయోడు ఇంక రసగుల్లాలు ఎవుల కోసం దాస్తాడు
నిలబడి రెండు తినీసి నాలుగు పొట్లం కట్టించీవోడివి తండ్రీ"

ప్రెసిడెంటు గారి భార్య ఏడుపు ఆపి, కళ్ళు తుడుచుకుని, నిటారుగా కూర్చుని, "ఆ నాలుగూ ఎవరికి?" అని అడిగింది.

ఎవరికో ఇప్పటికీ తేలలేదు. దహనం అయిపోయినా విచారణ అవలేదని చెప్పుకున్నారు. నాన్నకు ఆ ఇంట్లో కుర్చీ పోయింది. ఆయన ఇంటికొచ్చి, చొక్కా కూడా విప్పకుండా, అత్త చేత దేవుడి పటం ముందు ఒట్టు వేయించారు. "సచ్చినోల్ల ముందు నువ్వింక నోరిప్పకూడదు. మనకో పరువుంది గౌరీ. నీ నోటి ముందు అది నిలబడ్నేదు." అత్త లవంగం నమలడం ఆపి, పటం మీద చెయ్యి పెట్టి, సరే అంది. నాన్న అన్నది చనిపోయినవాళ్ళ గురించే గానీ, అత్త ఆ రోజునుంచి జాడీలకూ, రేడియోలకూ కూడా నోరు మూసేసుకుంది. మాట్లాడేది, కానీ పాడేది కాదు. ఏడాది తిరక్కుండా మా ఇంట్లో అన్నంలో రాళ్ళు తగలడం మొదలైంది. రాగం ఉంటే గానీ ఆవిడ వేళ్ళకు రాయి కనబడేది కాదు. నాన్నకు ఒక పన్ను చిట్లింది. ఎందుకు చిట్లిందో ఆయనకు తెలుసు, అందుకే నోరు మెదపలేదు.

ఇక అప్పలసామి తాత. లైను చివరి గదిలో ఒంటరిగా ఉండేవాడు. డాక్‌లో వించి నడిపి రిటైరైనవాడు. వించి అంటే ఓడ పొట్టలోంచి సరుకు వలల్లో పెట్టి పైకెత్తే యంత్రం. ఆరడుగుల మనిషి, మీసం రెండు వైపులా చెవుల దాకా వెళ్ళి అక్కడ ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయినట్టుండేది. ఆదివారం మా ఇంట్లో భోజనం చేసేవాడు. పులుసులో ముక్కల్లేవని అమ్మను తిట్టి, గిన్నె ఖాళీ చేసి, దాన్ని తానే కడిగి బోర్లించి వెళ్ళేవాడు. ఒక ఆదివారం గిన్నె కడగకుండా అలాగే కూర్చున్నాడు. నాన్న సంఘం మీటింగుకు పోయారు, వెనక వరసలో నిలబడ్డానికి.

"గౌరీ, నా శోకం నాకు ఇనాలని ఉందే."

"అదేటి మావా, నువ్వు బతికున్నావు గదా."

"సచ్చినాక ఇనడానికి నాకు సెవులుంటాయేటి?"

"మాయన్నకి ఒట్టేసినాను. సచ్చినోల్ల ముందు నోరిప్పను."

"నాను సావనేదు గదా. ఒట్టెక్కడ తప్పినట్టు?"

అమ్మ గరిటె పట్టుకుని, అది నిజమే కదా అన్నట్టు నా వంక చూసింది. అత్త మాత్రం తల అడ్డంగా ఊపింది. "పోయిందిలే మావా. ఆ ఇద్దె పోనాది. నోరు మూసుకుంటే అదీ మూసుకుపోనాది."

"ఎక్కడికీ పోనేదు. సలికి దుప్పటి కప్పుకున్నాది, అంతే." తాత మీసం మీద చేయి వేశాడు. "ఇనుకో. నాకు పెళ్ళాం నేదు, పిల్లల్నేరు. నాను పోయిన్నాడు నలుగురొచ్చి, పాపం పెద్దోడు, అనీసి పోతారు. ఆ మాట ఏ పెద్దోడికైనా సరిపోద్ది. నాను ఎవున్నో ఒక్కసారి ఎవులైనా సరిగ్గా సెప్తే ఇనీసి, నిమ్మలంగా పోతాను. అలా సెప్పగలిగిన మనిసి ఈ కలకత్తా మొత్తానికి నువ్వొక్కర్తివే. నువ్వు నోరు మూసుకుంటే నాను పుట్నట్టూ నేదు, సచ్చినట్టూ నేదు."

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. కాలేజీలో పేరు ఉండేది, నేను ఉండేవాణ్ణి కాదు. ఈ మాటలు విని నాకే ఏడుపొచ్చింది. అత్త లేచి లోపలికెళ్ళి, చాలాసేపటికి బయటికొచ్చి, "ఎక్కడ?" అని అడిగింది.

అదే అసలు చిక్కు. బతికున్న మనిషికి శోకం పెట్టడం మా వైపు ఘోరమైన అపశకునం. దీపం పెట్టే ఇంట్లో కుదరదు. డాక్ గోడ పక్కన మొదలుపెడితే కాపలావాడు అంబులెన్సు పిలవబోయాడు. రేవులో పడవెక్కి నది మధ్యలో మొదలుపెడితే, పడవవాడు ఎవరో మునిగిపోయారనుకుని, పడవ తిప్పి, తానే నీళ్ళలోకి దూకి వెతకడం మొదలుపెట్టాడు. తానెవరి కోసం వెతుకుతున్నాడో ఆయనకు తెలియదు, ఆపమని చెప్పడానికి మాకు సిగ్గు. చివరికి తాతకే ఉపాయం తట్టింది. మెటియాబ్రుజ్ పేటలో ఆయన పాత స్నేహితుడు, దర్జీ మేస్త్రి జమాల్ ఉస్తాగర్‌కు బట్టలు కుట్టే కార్ఖానా ఉంది. పొడుగాటి హాల్లో వరసలుగా కరెంటు మిషన్లు. అవి నడుస్తుంటే పక్కనున్నవాడు తుపాకి కాల్చినా వినబడదు. ఆ చప్పుడులో అత్త ఎంత గొంతెత్తినా పక్కనున్న మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. నాన్నకు గుడికని చెప్పి, ముగ్గురం మధ్యాహ్నం బస్సెక్కాం.

జమాల్ ఉస్తాగర్ మాకు మూల ఒక బల్ల ఇచ్చి, టీ తెప్పించి, ఏదో బేరం ఉందని బజారుకు పోయాడు. అత్త గుడ్డపీలికల మూట మీద కూర్చుంది. తాత ఎదురుగా కుర్చీ లాక్కుని, కాలు మీద కాలేసుకుని, కచేరీకి వచ్చిన జమీందారులా కూర్చున్నాడు. అత్త నోరు తెరిచింది. గొంతు రాలేదు. మళ్ళీ తెరిచింది. తుప్పుపట్టిన గొళ్ళెం తీసినట్టు ఒక శబ్దం వచ్చింది.

"బాగుంది. మల్లీ అను," అన్నాడు తాత.

"ఏటి బాగుంది, దగ్గొచ్చినాది."

"దగ్గు బాగుంది. మల్లీ అను."

ఇన్నేళ్ళలో నేను ఎంతోమంది పండితుల ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను కూడా. చేతిలో విద్య ఉండి మానేసినవాళ్ళను లేపడానికి ఇంతకంటే పనికొచ్చే మాట ఎవరి నోటా వినలేదు. సన్మానాలు, శాలువాలు తర్వాత సంగతి. కుర్చీ లాక్కుని కూర్చుని "మల్లీ అను" అనే మొండివాడు ఒక్కడు దొరకాలి. దొరికితే ఎంతటి విద్యా దుప్పటి తీసి లేచి కూర్చుంటుంది. అత్త లవంగం ఉమ్మేసి, కళ్ళు మూసుకుంది.

"వించి మీద కూకుంటే ఇంద్రుడిలాగుండీవోడివి మావా
బల్లి కనబడితే బల్లెక్కీవోడివి మావా"

"ఆగు," అన్నాడు తాత. "బల్లి సంగతెందుకు?"

"నిజం గదా."

"సచ్చినోడి మీద నిజాలేటే? సింవంలాటోడివి అను."

"సింవం అని ఎవున్నైనా అనీయొచ్చు మావా. బల్లిని సూసి బల్లెక్కీవోడివి నువ్వొక్కడివే."

తాత మీసం దువ్వి, "సరే, ఉండనీ" అన్నాడు. ఆ తర్వాత, ఒకసారి సరుకు వలలో నిద్రపోతున్న పోర్టు ఆఫీసరును తాను తెలియక పైకెత్తి, టీ తాగడం అయ్యేదాకా గాలిలో ఊపిన సంగతి పెట్టమన్నాడు. తాను కళ్ళారా చూడనిది కట్టనంది అత్త. ఈ వాదన నడుస్తుండగానే ఆవిడ గొంతు విచ్చుకుంది. ఇక తాతకు అడ్డుపడే సందు దొరకలేదు.

"ఓడంత బరువెత్తి ఒక్క బస్తా సిరగనీనేదు
నీ సొక్కా గుండీ నువ్వు కుట్టుకోనేకపోనావు మావా
పులుసులో ముక్కల్నేవని మా వదిన్ని తిట్టినావు
గిన్ని కడిగి బోర్లించి నీ ఆకలి దాసినావు మావా"

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

ఆ రోజుల్లో కలకత్తాలో కరెంటు పోవడం పెద్ద వింత కాదు, ఉండడమే వింత. మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కిటికీలు లేని హాలు మసకబడింది. కళ్ళు మూసుకున్న గౌరమ్మత్తకు ఇవేవీ తెలియవు. మిషన్ల చప్పుడు మీదుగా వినబడాలని ఎత్తిన గొంతు అలాగే, ఆ నిశ్శబ్దంలో, కార్ఖానా దాటి, సందు దాటి, చేపల బజారు దాకా వెళ్ళింది. దర్జీలు సూదులు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. ఒక్కముక్క తెలుగు రాదు వాళ్ళకు. అయినా ఒకాయన కొలత టేపుతో కళ్ళు తుడుచుకున్నాడు. "ఏమంటోంది దాదా?" అని పక్కనున్న ముసలి దర్జీ బెంగాలీలో నన్నడిగాడు. నేను తర్జుమా మొదలుపెట్టాను. ఇది నా జీవితంలో మొదటి సాహిత్య కార్యక్రమం. అత్త చూడనిది కట్టదు, నాకలాంటి పట్టింపులు లేవు. బెంగాలీలో తాత చేత బస్తాలు కాదు, ఒక ఓడనే ఎత్తించాను. ఆఫీసరును వలలోంచి ఓడ పొగగొట్టం మీద దింపాను. బల్లిని మాత్రం ఏమీ పెంచకుండా అలాగే ఉంచాను, అది ఉన్నదున్నట్టే బాగుంది. దర్జీలు నవ్వుతూ ఏడ్చారు, ఏడుస్తూ ముక్కులు చీదారు. అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది తాతే. ముసలి దర్జీ జాలిపడి ఆయన భుజం మీద చెయ్యివేసి, "పోయినాయన మీకేమవుతారు?" అని అడిగాడు.

"బాగా దగ్గరివాడు," అన్నాడు తాత బెంగాలీలో, ఎక్కిళ్ళ మధ్య.

మాకు తెలియనిదేమిటంటే, అదే సమయానికి మా లైనులో ఉండే కూర్మారావు, కొడుక్కి కుట్టించిన ప్యాంటు తీసుకుందామని ఆ సందులోకి వచ్చాడు. గౌరమ్మత్త గొంతు విన్నాడు. అన్న మీద గౌరవంతో ఆ మనిషి నోరు మూసుకుందని లైనంతా తెలుసు. వించి, పులుసు అన్న మాటలు విన్నాడు. మా వైపువాడు ఎవడైనా ఇంకేమనుకుంటాడు? శోకం వినబడిందంటే మనిషి పోయినట్టే. లోపలికి తొంగి చూడ్డానికి ధైర్యం చాలక, ప్యాంటు కూడా తీసుకోకుండా బస్సెక్కి లైనుకు పరుగెత్తాడు. మేం తీరిగ్గా, దర్జీలు బలవంతంగా పెట్టిన సేమ్యా తిని బయల్దేరేసరికి, డాక్‌లోకి ఓడ వస్తోందని దారిలో వంతెన తెరిచి, బస్సులన్నీ ఆపేశారు. ఓడ ఎంత నెమ్మదిగా కదిలిందంటే, అది ముందుకు వస్తోందా వెనక్కి పోతోందా అని బస్సులో వాదనలు లేచాయి. ఆ వ్యవధి చాలు, మా లైనువాళ్ళకు మనిషిని సాగనంపడానికి కావలసినవన్నీ సమకూర్చుకోవడానికి.

మేం సందు మలుపు తిరిగేసరికి గుంపు. వెదురు బొంగులు కోస్తున్నారు. కుండ వచ్చింది. రజనీగంధ పూల దండలు నీళ్ళ బకెట్లో ఉన్నాయి. సంఘం కార్యదర్శి కాగితం పట్టుకుని సంతాపం వల్లె వేసుకుంటున్నాడు. మా గుమ్మం మెట్టు మీద నాన్న, తల మీద తువ్వాలు వేసుకుని, చేతుల్లో మొహం దాచుకుని కూర్చున్నారు. అప్పలసామి తాత గుంపు వెనక నిలబడి, వెదురు కోస్తున్నవాణ్ణి అడిగాడు.

"ఎవుల్రా పోనారు?"

"అప్పలసామి," అన్నాడు వాడు తల ఎత్తకుండా.

"అయ్యో. మంచోడు."

"మంచోడేగానీ పొడుగెక్కువ. బొంగులు సాల్నేదు," అని వాడు తలెత్తాడు. కత్తి జారవిడిచి, గోడ దూకి పోయాడు. ఆ గోడ దూకగలిగినవాణ్ణి అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఇక అక్కడ జరిగిన గోల నేను వర్ణించలేను. ముగ్గురు మూర్ఛపోయారు, అందులో ఒకావిడ రెండుసార్లు. గోల సద్దుమణిగాక నాన్న లేచి నిలబడ్డారు. తాతను తలనుంచి కాళ్ళ దాకా చూసుకున్నారు. తర్వాత ఆయన చూపు గౌరమ్మత్త మీదకు తిరిగింది.

"దేవుడి ముందు ఒట్టేసినావు," అన్నారు.

"సచ్చినోల్ల ముందనే యేసినాను అన్నా."

"బతికున్నోడికి శోకమేటే? నలుగురూ ఏటనుకుంటారు? ఈ కార్యదర్శి గారు ఎల్లి సంఘంలో ఏటి సెప్తారు?"

కార్యదర్శి గారు ఆ కాగితం ఇంకెవరికైనా పనికొస్తుందేమోనని మడిచి జేబులో పెట్టుకున్నారు. తాత మా ఇంట్లోంచి కుర్చీ తెచ్చి సందు నడిమధ్య వేసుకున్నాడు. బకెట్లోంచి ఒక దండ తీసి, నీళ్ళు దులిపి, తన మెడలో తానే వేసుకున్నాడు. "పూలు ఊరికే వాడిపోతాయి. అందరూ పని మానుకొని వొచ్చినారు. గౌరీ, అను."

అత్త కదల్లేదు. ఒక పక్క అన్న, ఒక పక్క కుర్చీ. ఇప్పుడు నోరు తెరిస్తే ఇక ఆ ఇంట్లో ఏ మొహంతో ఉండాలి, ఇప్పుడు కూడా తెరవకపోతే ఇక ఎన్నటికీ తెరవలేదు. అది ఆవిడకు తెలుసు, నాన్నకు తెలుసు, అమ్మకు తెలుసు. అమ్మ నెమ్మదిగా వచ్చి ఆవిడ చేతిలో ఒక లవంగం పెట్టింది. అత్త దాన్ని నోట్లో వేసుకోకుండా కొంగున ముడేసింది. తర్వాత సందులోనే, నేల మీద కూర్చుంది.

బల్లి దగ్గర లైనంతా నవ్వింది. గుండీ దగ్గర నవ్వు ఆగింది. పులుసు గిన్నె దగ్గర అమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఇక ఆ తర్వాత వచ్చింది మెటియాబ్రుజ్‌లో మేం విననిది. అప్పటికప్పుడు కట్టిందో, ఎన్నాళ్ళుగా లోపల దాచుకుందో తెలియదు.

"కొత్తగా వొచ్చినోడు గోనెపట్టాల మీద వొణికితే
ఎర్ర కంబళి కప్పీసి ఏటీ ఎరగనట్టు ఎల్లిపోనావు మావా
సలికి నువ్వు దగ్గుతా గాలి మారిందన్నావు
ఆ కంబళి కింద తొంగున్నోడు మాయన్న మావా"

ఆ సంగతి లైనులో ఎవరికీ తెలియదు. నాన్న ఎప్పుడో చెల్లెలికి చెప్పుకుని ఉంటారు, చూడనిది కట్టని ఆ మనిషి అన్న మాటను చూసినదానితో సమానం అనుకుంది. తాత నేల చూపులు చూస్తూ దండలో పూలు తుంచుతున్నాడు. అందరి కళ్ళూ మెట్టు మీదికి తిరిగాయి. నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, అన్నారు.

"ఎరుపు కాదు. నీలం."

అత్త తలూపి, ఆ పాదం నీలం పెట్టి మళ్ళీ పాడింది.

మర్నాటినుంచి మా గుమ్మం ముందు జనం. బతికుండగా తమ శోకం తాము వినాలని. కూర్మారావు అందరికంటే ముందు వచ్చాడు, ప్యాంటు సంగతి అందులో పెట్టొద్దని బతిమాలుకుంటూ. మొగుడి శోకం మొగుడి ఎదురుగానే చెప్పించుకుని, అది విని కాపురం చక్కబరుచుకున్నవాళ్ళున్నారు. సంఘం ప్రెసిడెంటు గారి భార్య కూడా రిక్షాలో వచ్చింది. ఆ నాలుగు రసగుల్లాల గురించి ఇంకేమైనా తెలుసా అని అడగడానికి. అప్పలసామి తాత ఆ తర్వాత చాలాకాలం బతికాడు. ఏటా ఒకసారి తన శోకం మళ్ళీ వినేవాడు, ఏడాదిలో కొత్తగా చేసిన వెధవ పనులు అందులో చేర్పించుకునేవాడు. నిజంగా పోయినరోజున అది ఎంత పొడుగైందంటే, పూర్తయ్యేసరికి శ్మశానం వాళ్ళు వచ్చి ఇంకా రాలేదేమని అడిగారు.

ఇప్పుడు వాట్‌గంజ్‌లో ఆ లైను లేదు. మా పిల్లలు తెలుగు ఇంట్లో మాట్లాడతారు, చదవమంటే అక్షరాలు చూసి జిలేబీలు గుర్తొస్తున్నాయంటారు. నొప్పి కలిగితే ఫోన్లో బొమ్మ పెడతారు, నేనూ పెడతాను, తప్పేమీ లేదు, వేలికి తేలిక. కానీ మా అపార్ట్‌మెంట్‌లోనే పైన ఒకమ్మాయి ఉంది, పక్కవాళ్ళ నడకలు, మాటలు అనుకరిస్తే పొట్ట చెక్కలవుతుంది. ఎవరో ఏదో అన్నారట, మానేసింది. నిన్న వెళ్ళి కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాను. "ఏమిటంకుల్?" అంది. "నా నడక చూపించు," అన్నాను. చూపించింది. నాకు కోపమొచ్చింది. అంటే బాగుందన్నమాట. మళ్ళీ చూపించమన్నాను.

సరే, ఒట్టు పెట్టాను కాబట్టి ఒప్పుకోవలసింది ఒప్పుకుంటాను. గోడ దూకినవాడు నిజం. వలలో ఊగిన ఆఫీసరూ నిజమే, తాత చెప్పాడు కాబట్టి. ఇందులో నేను కల్పించింది ఒక్కటి, నాన్న "నీలం" అనడం. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. కంబళి మాట రాగానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నారు. తర్వాత ఎన్నో వారాలు చెల్లెలితో ముభావంగానే ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన చేత ఆ మాట అనిపిస్తున్నాను, జనం చప్పట్లు కొడుతున్నారు. జరిగింది ఇది. ఒకరోజు ఆయన డ్యూటీకి బయల్దేరి, చెప్పులు వేసుకుని, మళ్ళీ విప్పి, పెరట్లో ఆనపకాయ తరుగుతున్న అత్త దగ్గరికి వెళ్ళారు. ఆవిడ వైపు చూడకుండా, గోడ వైపు తిరిగి నిలబడి అడిగారు.

"నాకేటి కడతావే, గౌరీ?"

అత్త కత్తిపీట మీంచి తల ఎత్తలేదు.

"నువ్వింకా ఏటి సేసినావని అన్నా? ఏదైనా సెయ్యి, సూద్దుము."